వెనక నిలబడ్డాయన అయిదు ఆల్బమ్‌లు

మా బావ ఒకప్పుడు పెద్ద పేరున్న రాక్ బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడు. ఈ మాట చెబితే ముందు ఎవరూ నమ్మరు. నమ్మాక "వాళ్ళల్లో ఎవరాయన?" అంటారు. "వెనక నిలబడ్డాయన" అంటాను. అప్పుడు ఫోనులో పాత ఫొటో వెతికి, వేళ్ళతో సాగదీసి, "వెనక ఎవరూ లేరే!" అంటారు. డ్రమ్ముల పక్కన ఒక మోచెయ్యి కనిపిస్తుంది, బాగా చూడండి. ఆ మోచెయ్యే మా బావ.

బేస్ గిటారంటే నాలుగు లావుపాటి తీగల గిటారు. అది మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిందంటే మాత్రం పాటలో ఏదో పోయిందని అందరూ దిక్కులు చూస్తారు. ముందు నిలబడి పాడేవాడు వేరే ఉన్నాడు. ఆయనకి మా ఇంట్లో పేరు మైకాసురుడు. చేతికి మైకు చిక్కిందంటే దాన్ని విడిపించడానికి నలుగురు కావాలి.

మా అక్కని పెళ్ళి చేసుకున్న ఏడాదికి బావ బ్యాండు మానేశాడు. ఆర్నెల్లు తిరక్కుండా బ్యాండే మూతపడింది. అభిమానులు పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు. కొత్తగా వచ్చింది ఎవరు, పెళ్ళాం. కాబట్టి విడగొట్టింది పెళ్ళామే అని తేల్చేశారు. అక్క మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఒకసారి ఒక పెద్దమనిషి దగ్గుమందు కొంటూ, "మీరు చేసింది మంచి పని కాదమ్మా, అంత చక్కటి బ్యాండుని..." అని కళ్ళు తుడుచుకున్నాడు. అక్క సీసా చేతిలో పెట్టి, దాంతోపాటు ఇచ్చే కొలత మూత మాత్రం ఇవ్వకుండా పంపేసింది. అంతకు మించి పగ తీర్చుకోవడం అక్కకి చేతకాదు.

బ్యాండు వదిలాక బావ ఒంటరిగా అయిదు ఆల్బమ్‌లు చేశాడు. పాటలు ఆయనే కట్టి, ఆయనే వాయించి, ఆయనే పాడి, ఫ్యాక్టరీకి పంపి డిస్కులు వేయించాడు. ఒక్కొక్కటి రాగానే మా నాన్నకొకటి, అక్కకొకటి, నాకొకటి, అట్ట మీద సంతకం పెట్టి ఇచ్చేవాడు. మేం ముగ్గురం "అద్భుతం" అనేవాళ్ళం. అయిదోది వచ్చి పదిహేనేళ్ళయింది. ఆ తర్వాత ఆయన పాట జోలికి పోలేదు. ఊరి సభాభవనంలో మైకులు అమర్చే ఉద్యోగంలో చేరాడు. ఎవరెవరో వేదిక ఎక్కి గంటలకొద్దీ మాట్లాడుతుంటే, మా బావ వెనక చీకట్లో కూర్చుని వాళ్ళ గొంతులు బాగు చేస్తుంటాడు.

మొన్నొక ఆదివారం భోజనాల దగ్గర బావ ఉన్నట్టుండి గొంతు సవరించుకున్నాడు. ఆయన మాట్లాడబోతున్నాడంటే మాకు గుండెదడ. ఎందుకంటే అలవాటు లేదు.

"మైకాసురుడు ఫోన్ చేశాడు. పాతవాళ్ళందరం కలిసి ఒక్క సాయంత్రం వాయిద్దామంటున్నాడు. ఒక్కొక్కళ్ళూ విడిగా చేసుకున్న పాటల్లో ఒకటి పాడాలట."

"మీకు మైకు ఇస్తాడటా?" అన్నాను.

"ఇస్తానన్నాడు. వాళ్ళావిడ కూడా హామీ ఇచ్చింది."

"శుభం అల్లుడు గారూ!" అన్నాడు నాన్న.

"ఏ పాట పాడాలో నాకు తెలీడం లేదు," అన్నాడు బావ. "నావి నేను వినను, మీకు తెలుసుగా. రికార్డింగ్ అయిందంటే అంతే, వచ్చిన డిస్కు కవరు కూడా విప్పను. వింటే తప్పులే వినపడతాయి. మీరు ముగ్గురూ అన్నీ విన్నవాళ్ళు. వచ్చే ఆదివారానికి ఒక్క పాట చెప్పండి, అదే పాడతాను. చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదనిపిస్తే..." ఒక గుక్క నీళ్ళు తాగాడు. "లేదనే చెప్పండి. ఏమీ అనుకోను. గిటారు ఎవరికైనా ఇచ్చేసి ఊరుకుంటాను."

ఇంత పెద్ద మాట చెప్పి, గ్లాసుతో సహా అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు. మేం ముగ్గురం తేలు కుట్టిన దొంగల్లా ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

"నాన్నా, నీకేది నచ్చింది?" అన్నాను గొంతు తగ్గించి.

"అన్నీను."

నాన్న హోటల్లో రిసెప్షన్ బల్ల వెనక ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఎదురైన మనిషినల్లా మెచ్చుకోవడం ఆయనకి ఊపిరి తీసుకోవడంతో సమానం.

"ఒక్కటి చెప్పు."

నాన్న నీళ్ళు నమిలాడు. "ఆ... గిటారు వస్తుంది చూడూ, అది."

నేను మాత్రం తక్కువ తిన్నానా? మొదటి ఆల్బమ్ మూడు నిమిషాలు విన్నాక ఎవరో ఫోన్ చేస్తే ఆపాను. ఇన్నేళ్ళుగా ఆ ఫోన్ మాట్లాడుతూనే ఉన్నట్టు లెక్క. ఇక అక్క సంగతి తేల్చుకుందామని వంటగదిలోకి వెళ్తే, నేను నోరు విప్పకముందే, "నువ్వే విను. నీ కార్లో ప్లేయరుందిగా," అంది.

"నీ మొగుడి పాటలు నీకంటే నాకు ఎక్కువా? నువ్వెందుకు వినలేదు?"

అక్క గిన్నె తోమడం ఆపలేదు. "భయమేసి."

"పాటలకి భయమేమిటే?"

"లోకమంతా నా వల్లే మానేశాడంటోంది. ఆయన ఒక్కనాడూ అవునన్లేదు, కాదన్లేదు. నోటితో అనలేనిది పాటలో పెట్టి ఉంటే? ఒకసారి విన్నాక విననట్టు ఉండలేను కదా." తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. "నువ్వు విని, నా మీద నిష్ఠూరమేమైనా ఉంటే నాకు చెప్పకు. ఆ పాట మాత్రం ఏరకు. నలుగురి ముందు అది వినలేను."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి మనసులో మాట తెలుసుకోవడానికి చెల్లెల్ని రాయబారం పంపుతారా ఎవరైనా? నాలుగు దులిపేద్దామనుకున్నాను. కానీ అక్క మొహం చూస్తే జాలేసింది. ఇంటికెళ్ళి నా అయిదు డిస్కులూ వెతికి సంచిలో వేసుకున్నాను.

నాది కారు నడపడం నేర్పే ఉద్యోగం. మా బండిలో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, నా కాళ్ళ దగ్గర ఒక బ్రేకు ఉంటాయి. ఊళ్ళోవాళ్ళు చేసే తప్పులన్నిటికీ నా కుడికాలు జవాబు చెప్పుకుంటుంది. అందుకే నాకు కోపం ఎక్కువ, మోకాలి నొప్పి ఇంకా ఎక్కువ. ఆ వారం ఉదయం పాఠాలు పళ్ళ డాక్టరు గారివి. పరాయివాళ్ళ నోట్లో చెయ్యి పెట్టి దవడ పన్ను పీకడానికి జంకని మనిషి, మలుపు దగ్గర ఇండికేటరు వెయ్యాలంటే వణికిపోతాడు. పరీక్ష ఇప్పటికి చాలాసార్లు తప్పాడు.

"పాటలు పెడతాను, మీకు ఇబ్బందా?" అని అడిగాను.

"పెట్టండి. నా గుండె చప్పుడు నాకు వినపడకుండా ఉంటుంది," అన్నాడు.

మొదటి ఆల్బమ్ పేరు "నేను". అందులో మాటలు లేవు. మొదటి నుంచి చివరిదాకా బేస్ గిటారు ఒక్కటే. అది మొదలైన కాసేపటికి డాక్టరు గారు బండి పక్కకి తీసి ఆపేశాడు.

"ఇంజనులో ఏదో అవుతోందండీ. అడుగు నుంచి గురగుర వస్తోంది."

"ఇంజను కాదు, మా బావ."

"పాపం," అన్నాడాయన, జబ్బుపడ్డవాళ్ళ సంగతి విన్నట్టు.

రెండో ఆల్బమ్‌లో మాటలున్నాయి. కానీ అన్నీ ఇంట్లో సామాన్ల మీద. కుర్చీ మీద ఒకటి, ఫ్యాను మీద ఒకటి, ఫ్రిజ్ మీదైతే పెద్ద పాటే ఉంది. "నీ లోపల దీపముంది, తలుపు మూస్తే ఆరుతుంది" అని మా బావ దిగులుగా పాడుతుంటే నాకు అనుమానం పట్టుకుంది. తలుపు మూసింది ఎవరు? అక్కేనా? దీపం అంటే బావ సంగీతమా? ఇది నిష్ఠూరమేనా? పాట ఆపి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

"డాక్టరు గారూ, మీకేమనిపిస్తోంది? ఇది పెళ్ళాం మీద రాసినట్టుందా?"

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "నాకు మాత్రం ఫ్రిజ్ మీద రాసినట్టే ఉందండీ."

మూడోది కొండంత రాగం తీసి లల్లాయి పాట పాడినట్టుంది. గిటారు మొదలవుతుంది, సాగుతుంది, ఇప్పుడొస్తుంది పాట, ఇదిగో వచ్చేస్తోంది అనుకుంటాం, ఇంకా సాగుతుంది. మేం ఊరంతా చుట్టి వచ్చి, డాక్టరు గారి క్లినిక్ ముందు బండి ఆపాక మా బావ నోరు తెరిచి "ఓ" అన్నాడు. పాట అయిపోయింది. నాలుగోదాంట్లో పాటలు పాటల్లాగే ఉన్నాయి. కానీ రికార్డింగ్ నాటికి ఆయనకి జలుబు చేసినట్టుంది. పైగా బృందగానానికి అరడజను మందిని పిలిచి, వాళ్ళని మైకు ముందు నిలబెట్టి, తను వెనక్కి వెళ్ళి పాడాడు. సోలో ఆల్బమ్‌లో కూడా వెనక నిలబడే మనిషిని ఏం చెయ్యగలం? అందులో ఆరో పాట ఒక్కటీ పర్వాలేదు. మధ్యలో ఎవరో ఈల వేసి చెడగొట్టారు గానీ, గతిలేకపోతే అది చెప్పొచ్చు.

నాలుగింట్లోనూ అక్క మీద ఒక్క మాట లేదు. నా గుండె కాస్త కుదుటపడింది. గురువారం అయిదోది చేతిలోకి తీసుకున్నాను. దాని పేరు "ఇంటికి". అట్ట వెనక పాటల పేర్లున్నాయి. మూడో పాట పేరు రెండుసార్లు చదివాను. "నన్నాపిందెవరు?"

అయిపోయింది, అనుకున్నాను. ఉంది. ఆ నిష్ఠూరం పదిహేనేళ్ళుగా అక్క ఇంట్లో అల్మరాలో కూర్చుని ఉంది.

డాక్టరు గారు బండి నడుపుతున్నాడు. డిస్కు పెట్టాను. వాన మొదలైంది. బయట కాదు, డిస్కులో. సన్నటి చినుకులు. మొదటి పాట అంతా చినుకులే. ఇదేదో ప్రయోగమై ఉంటుంది, పాపం జనం మెచ్చుకోకపోయేసరికి విసిగి వాన మీద పడ్డాడు అనుకున్నాను. రెండో పాటకి వాన పెద్దదైంది. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది. ఆ వారంలో మొదటిసారి బావంటే గౌరవం కలిగింది. డాక్టరు గారి భుజాలు ఎప్పుడూ చెవుల దగ్గరుండేవి, అవి మొదటిసారి కిందకి దిగాయి. నేను సీటులో వెనక్కి వాలాను. మూడో పాట వచ్చింది. చెవులు రిక్కించాను. వాన. వాన. అప్పుడు ఒక మగ గొంతు, మా బావది కాదు, వెన్న రాసినట్టున్న గొంతు, మెల్లగా అంది:

"ఇప్పుడు మీ కుడికాలిని వదిలేయండి. అది మీది కాదనుకోండి."

డాక్టరు గారు వదిలేశాడు.

"చేతుల్లో ఏమున్నా వదిలేయండి."

వదిలేశాడు.

"కళ్ళు నెమ్మదిగా మూసుకోండి..."

సిగ్గుచేటైన సంగతేమిటంటే, నా కుడికాలు కూడా నాది కాకుండా పోయింది. బ్రేకు తొక్కాలని తోచేసరికి బండి ఎవరి మీదా కోపం లేనట్టు నిదానంగా రోడ్డు దిగి, పార్కు చుట్టూ పెంచిన పొదల్లోకి ముక్కు దూర్చి ఆగింది. కిటికీ నిండా ఆకులు. ఎవరికీ ఏమీ కాలేదు.

"మీరిప్పుడు సురక్షితమైన చోట ఉన్నారు," అంది గొంతు.

"ఎవడ్రా నువ్వు!" అని అరిచాను ప్లేయరు మీదకి.

డాక్టరు గారు కళ్ళు తెరిచి, "ఇంత ప్రశాంతంగా నేనెప్పుడూ నడపలేదండీ," అన్నాడు.

అట్ట మా బావది. డిస్కు మీద అచ్చు మా బావ పేరు, మా బావ పాటలు. లోపల మాత్రం నిద్రపట్టని వాళ్ళకోసం ఎవరో చేసిన వాన. ఫ్యాక్టరీలో ఏదో తారుమారయింది. నా ఒక్క డిస్కులోనేనేమోనని, బండిని పొదల్లోంచి లాగి తిన్నగా నాన్న దగ్గరికి పోనిచ్చాను. నాన్న తన డిస్కు గర్వంగా తెచ్చిచ్చాడు. "ఇదే, అయిదోది. అన్నిట్లోకీ ఇదే అద్భుతం."

దాని మీద ప్లాస్టిక్ కవరు చెక్కుచెదరలేదు. నేను గోరుతో చింపుతుంటే నాన్న కిటికీలోంచి బయటకి చూస్తూ, ఎండ బాగా కాస్తోందన్నాడు. పెట్టి చూస్తే వాన. అక్క దగ్గరికి వెళ్ళాం. అక్క డిస్కుకీ కవరు ఊడలేదు. చింపి చూస్తే వాన. మెట్ల కింద అమ్ముడుపోని డిస్కుల పెట్టె ఉంది. బావ సభాభవనానికి వెళ్ళిన సమయం చూసి ఆ పెట్టెలో చెయ్యి పెట్టి పైనొకటి, అడుగునొకటి తీశాం. వాన, వాన.

"అంటే," అంది అక్క, గోడకి చేరగిలబడి, "ఇన్నేళ్ళలో ఎవరూ..."

"ఎవరూ," అన్నాను. "అప్పట్లో పేపరులో రాశారు గుర్తుందా? 'గత ఆల్బమ్‌ల కన్నా పరిణతి కనిపించింది' అని? అది రాసినాయనా వినలేదు."

"అల్లుడు గారికి ఈ సంగతి చెప్పకండర్రా," అన్నాడు నాన్న. "చెబితే ఏమవుతుంది? ఇంట్లోవాళ్ళే వినలేదని తెలుస్తుంది. పరాయివాళ్ళు వినలేదంటే తట్టుకుంటారు గానీ, సొంత మనుషులు వినలేదంటే ఇంకా స్టేజీ ఎక్కుతారా? నాలుగోదాంట్లో ఆరోది చెప్పేద్దాం. శుభమా అని వెళ్ళి పాడి వస్తారు."

మొదటిసారి నాన్న మాటలో న్యాయం కనిపించింది. అక్క తన డిస్కు చేతిలోకి తీసుకుంది. మూడో పాట పేరు తను కూడా చూసిందని నాకు అప్పుడే అర్థమైంది. అట్ట వెనక్కి తిప్పి, ఆ పేరు మీద బొటనవేలు పెట్టి ఉంచింది.

ఆదివారం బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని భోజనానికి కూర్చున్నాడు. తనింట్లో తను భోజనం చెయ్యడానికి ఇస్త్రీ చొక్కా! రెండు ముద్దలు తిన్నాడో లేదో, "అయితే, ఏ పాట?" అన్నాడు.

"నాలుగో ఆల్బమ్‌లో ఆరోది, అల్లుడు గారూ," అన్నాడు నాన్న గుక్కతిప్పుకోకుండా. "దానికి సాటి లేదు."

బావ తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు. "సరే. మంచిది. అది పర్వాలేదు, ఈల ఒక్కటీ తీసేస్తే." తర్వాత అక్క వైపు చూడకుండా అడిగాడు. "అయిదోదాంట్లో ఏదీ లేదా?"

నాన్న గబగబా పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"లేదన్నమాట. నేనూ అలాగే అనుకున్నాను," అని పళ్ళెం పక్కకి జరిపాడు. "అయితే నేను వెళ్ళనులెండి. ఆ ఈల పాట కోసం అంతదూరం ఎందుకు? మైకాసురుడికి ఫోన్ చేసి చెప్పేస్తాను," అని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

నేనిక ఆగలేకపోయాను. "బావగారూ, ఫోన్ కింద పెట్టండి! అయిదోదాంట్లో మీ పాటల్లేవు. వాన ఉంది."

"ఏముంది?"

"వాన. నిద్రపట్టే వాన. మధ్యలో ఎవడో కాళ్ళు వదిలెయ్యమంటాడు. వాడి పుణ్యమా అని నేను పార్కు పొదల్లోకి వెళ్ళొచ్చాను. నాదీ అంతే, నాన్నదీ అంతే, అక్కదీ అంతే, మెట్ల కింద పెట్టెలోవీ అంతే. ఫ్యాక్టరీవాడు తప్పు చేశాడు. మేం ఇన్నేళ్ళలో ఒక్కసారీ వినలేదు కాబట్టి మాకు తెలీలేదు. ఇదిగో, చెప్పేశాను. తిట్టాలనుంటే తిట్టండి."

బావ లేచి వెళ్ళి డిస్కు పెట్టాడు. నిలబడే విన్నాడు. చినుకులు పడుతున్నాయి. తల ఒక పక్కకి వంచి, సభాభవనంలో మైకు పరీక్షించేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు.

"రికార్డింగ్ మాత్రం శుభ్రంగా చేశారు," అన్నాడు చివరికి.

తర్వాత కుర్చీలో కూలబడ్డాడు. ఏడుస్తాడేమోనని అక్క సగం లేచింది. కానీ ఆయన భుజాలు ఊగుతున్నది నవ్వుతో. మా బావ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒకాయన... బజార్లో..." నవ్వు మధ్యలో మాట రావడం లేదు. "ఆ ఆల్బమ్ వచ్చిన కొత్తల్లో బజార్లో ఒకాయన నన్ను ఆపి, నా చెయ్యి పట్టుకుని, 'మీ పాటలు పెట్టుకుంటే పది నిమిషాల్లో నిద్ర పట్టేస్తోందండీ, ఎన్నేళ్ళ బాధో తీరింది' అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ అన్నాడు! ఆ రోజే మానేశాను నేను. ఇంక పాట కట్టకూడదనుకున్నాను."

"అయ్యో రామా!" అన్నాడు నాన్న.

"మీరందరూ విన్నారు, బాగాలేదు, నా మొహం చూసి ఊరుకున్నారు అనుకున్నాను. పదిహేనేళ్ళు! నిజంగా ఎవరూ వినలేదా?"

"ఒట్టు," అన్నాను. "ఒక్కళ్ళు కూడా వినలేదు."

"మామయ్యగారూ, మీరు?"

"కవరు కూడా విప్పలేదు అల్లుడు గారూ," అన్నాడు నాన్న, జీవితంలో మొదటిసారి గర్వంగా నిజం చెబుతూ.

"అయితే బాగాలేదని ఎవరూ అనలేదన్నమాట!" బావ మొహం వెలిగిపోయింది. వినలేదని చెబితే ఇంత సంతోషించే పాటగాణ్ణి నేనింకెక్కడా చూడను. ఆ వెలుగులోనే అక్క వైపు తిరిగాడు. అప్పుడు నవ్వు కాస్త తగ్గింది.

"నువ్వు కూడానా?"

"నేను కూడా," అంది అక్క. "వెనక పేర్లు చదివాను. మూడోది చూసి, మళ్ళీ ముట్టుకోలేదు."

"ఎందుకని?"

"నన్నాపిందెవరు అంటే... ఇంకెవరు? నేనేగా. ఊళ్ళో అందరూ అనేదే కదా. మీరు కూడా అనేశారనుకున్నాను."

బావ నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. లేచి లోపలికి వెళ్ళి, గిటారు తెచ్చుకుని కూర్చున్నాడు. నాలుగు తీగలూ సరిచేసుకున్నాడు. ఈసారి రాగం తీయలేదు. తిన్నగా పాటలోకే వచ్చాడు. గొంతు ఏమంత గొప్పది కాదు, ఉన్నమాట చెప్పాలి. కానీ ఆ గొంతు ముందు ఎవరూ నిలబడి లేరు.

నన్నాపిందెవరని అడుగుతారు వాళ్ళు,
ఎవరాపగలరు, నేనేమైనా బండినా?
పిలవకుండానే వచ్చాను, పొమ్మన్నా పోలేదు,
ఈ తలుపు తీసి చూసి, ఇక్కడే ఉండిపోయాను.
అది ఆవిడ తప్పంటారు, పిచ్చివాళ్ళు.
అది నా అదృష్టమని చెప్పేదెవరు వాళ్ళకి?

అంతే పాట. రెండుసార్లు పాడాడు. ఆపాక గదిలో ఏదో పోయినట్టనిపించింది. నాన్న కళ్ళు తుడుచుకుంటూ "అద్భుతం" అనబోయి, ఆ మాట మీద తనకే నమ్మకం లేక ఊరుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అక్క మాత్రం కదల్లేదు. బావని ఎగాదిగా చూసింది.

"ఈ ముక్క నోటితో చెప్పడానికేమైంది?" అంది. "పాట కట్టి, ఊరు కాని ఊరు పంపి, డబ్బాలో పెట్టించి, పైన ప్లాస్టిక్ చుట్టించి ఇస్తారా ఎవరైనా?"

"నోటితో చెప్పడం వస్తే నాకు గిటారెందుకు?" అన్నాడు బావ.

"దొరికింది! ఇదే పాడాలి," అన్నాను నేను, ముక్కు తుడుచుకుంటూ. "బావగారూ, ఆ సాయంత్రం ఈ పాట పాడారంటే ఊరంతా నోరు మూసుకుంటుంది. దగ్గుమందాయన్ని నేనే తీసుకొచ్చి మొదటి వరసలో కూర్చోబెడతాను."

"వద్దు," అంది అక్క.

అందరం అక్క వైపు చూశాం.

"ఇది అక్కడ పాడొద్దు. ఎవరేమనుకుంటే నాకేం? ఇప్పుడు నాకు తెలుసుగా. ఇది నాది. ఇంట్లోనే ఉంటుంది."

బావ గిటారు ఒళ్ళో పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచనట్టు అక్క మొహంలోకి చూశాడు. "మరి అక్కడ ఏం పాడను?"

"ఇంకోటి కట్టండి," అంది అక్క, ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నేను వింటాను."